కడిగిన గాజుపలకలు

మాస్టారు పోయారు. హనుమాన్ జంక్షన్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా గుండె ఆగిందట. వెళ్తున్నది యూనివర్సిటీకి. అక్కడి లేజర్‌ను ఒక పూట వాడుకోనివ్వడానికి వాళ్లు ఎట్టకేలకు ఒప్పుకున్నారు. తను మసి పట్టించిన గాజుపలకలు తీసుకెళ్లే ముందు ఆ యంత్రాన్ని ఒకసారి చూసి వద్దామని బయల్దేరారు. నాకు ఏడుపు కంటే ముందు కోపం వచ్చింది. ఇప్పటికీ తగ్గలేదు.

నూజివీడు కాలేజీలో ఆయన నాకు ఫిజిక్స్ చెప్పారు. తర్వాత నేనూ అక్కడే డిమాన్‌స్ట్రేటర్‌గా చేరాను. ఆయనకు మసి పిచ్చి. సీజన్‌లో మామిడి షెడ్లకు వెళ్లి, కార్బైడ్ దీపాల మంట మీద గాజుపలకలు పట్టేవారు. ఒక్కో ఎత్తులో ఒక్కో పలక. ఏది ఏ ఎత్తుదో ఆ మసిలోనే పుల్లతో గీసుకునేవారు.

"మసి అంతా ఒకటే కదండీ?" అని షావుకార్లు నవ్వేవారు.

"రసాలూ బంగినపల్లీ ఒకటేనా ఏంటి మీకు?" అనేవారు మాస్టారు.

లేజర్ కాంతి మసి మీద పడి చెదిరినప్పుడు అందులో కొంత కాంతికి రంగు మారుతుంది. ఆ మారిన రంగుల పటమే రామన్ వర్ణపటం. ఆ మార్పును బట్టి లోపల కార్బన్ పరమాణువులు ఎలా అల్లుకున్నాయో తెలుస్తుంది. మంట పైకి పోయేకొద్దీ ఆ అల్లిక మారుతుందని మాస్టారి నమ్మకం. అది నిజమో కాదో కళ్లారా చూడాలి, అంతే ఆయన కోరిక. యూనివర్సిటీ వాళ్లు మాత్రం ప్రతి వేసవీ, "మసి పెడితే మా సామాను పాడవుతుందండీ, వచ్చే ఏడు చూద్దాం" అని తిప్పి పంపారు. నాకు ఒళ్లు మండేది. "ఖరీదైన వస్తువు, భయం ఉండదా?" అనేవారు ఆయన. ఆ మంచితనం మీద కూడా నాకు కోపమే.

ఆయనకు నా అన్నవాళ్లు లేరు. ఒక మామిడి షావుకారు గారి మేడ మీద అద్దెకుండేవారు. శవం లేచాక ఇల్లు కడగడం ఆనవాయితీ కదా. మేం శ్మశానం నుంచి వచ్చేసరికి పిట్టగోడ మీద గాజుపలకలు వరసగా ఆరుతున్నాయి. ఒక్కదాని మీదా మసి లేదు.

"అంత పెద్దాయన గది మసి కొట్టుకుపోయి ఉందండీ. నలుగురూ వచ్చి ఏమనుకుంటారు? పనిమనిషికి కూడా ఇవ్వలేదు, నా చేత్తో నేనే బూడిద పెట్టి తోమాను," అంది షావుకారు గారి భార్య, కళ్లు ఒత్తుకుంటూ.

"ఆయన బతుకంతా కడిగేశారండీ!" అని అరిచాను. పాపం, ఆవిడ బిత్తరపోయింది. ఆవిడ మీద అరవడం అన్యాయమని తెలుసు. ఇంకెవరి మీద అరవాలో తెలియలేదు.

మాస్టారికి ఇస్తామన్న రోజున నేనే యూనివర్సిటీకి వెళ్లాను. ఆవిడే పలకల్ని పెట్టెలో ఎండుగడ్డి మధ్య సర్ది, తాడు బిగించి ఇచ్చింది. అక్కడి స్కాలర్ ఒక పలకను వెలుగుకెత్తి చూశాడు.

"దీని మీద ఏమీ లేదే సార్?"

"పెట్టండి. ఈ పూట మా మాస్టారిది."

నా గొంతు లేచింది. అతను పలకను బిగించి, లేజర్ వేశాడు. ఆకుపచ్చటి కాంతి పలకలోంచి దూరి, ఎక్కడా ఆగకుండా వెళ్లి, ఎదుటి గోడ మీద చుక్కలా నిలబడింది.