కత్తెరయ్య గారి ఎడమ పక్క

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన మర్నాడు పొద్దున్నే కత్తెరయ్య గారు తన గడ్డం తనే గీసుకున్నారు. నీళ్ళు చల్లుకుని, తువ్వాలుతో అద్దుకుని, భార్య భుజం పట్టుకుని ముందుగదిలోకి వచ్చి పెళ్ళికొడుకులా కూర్చున్నారు. కుడి చెంప నిగనిగలాడుతోంది. ఎడమ చెంప మీద మాత్రం ఎండిన నురగ, దాని కింద ఆసుపత్రి నాటి గడ్డం చెక్కుచెదరకుండా ఉన్నాయి. రెంటికీ మధ్య, ముక్కు కింద నుంచి, ఎవరో సర్వేయరు వచ్చి హద్దురాళ్ళు పాతినట్టు తిన్నని గీత.

"ఎలా ఉంది?" అన్నారు భార్యతో.

"సగం బాగుంది," అందావిడ.

"సగమేంటే? ఇన్నేళ్ళ చెయ్యి నాది. అద్దంలో చూసుకునే వచ్చాను."

చూసుకున్న మాట నిజమే. అద్దంలో కూడా ఆయన సగమే చూసుకున్నారు.

కత్తెరయ్య అన్నది ఆయనకి అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. వాళ్ళు పెట్టిన పేరు ఓటర్ల జాబితాలో తప్ప ఎక్కడా మిగల్లేదు. మా వీధి మలుపులో రెండు కుర్చీల సెలూన్ ఆయనది. కిటికీ పక్క కుర్చీలో ఆయన, తలుపు పక్క కుర్చీలో ఆయన బావమరిది. మా వీధి మగవాళ్ళ తలకాయల్లో ఏముందో చెప్పలేం గానీ, వాటి మీద ఏముండాలో నిర్ణయించే అధికారం చాలాకాలంగా ఆ కిటికీ పక్క కుర్చీదే.

ఇంతలో పక్షవాతం వచ్చి మెదడు కుడి భాగాన్ని తాకింది. దాంతో ఎడమ చెయ్యీ ఎడమ కాలూ సమ్మె కట్టాయి. అంతవరకూ అందరికీ తెలిసిన సంగతే. ఎవరూ ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఆయన లోకంలోంచి ఎడమ పక్క మొత్తానికి మొత్తం మాయమైపోయింది. కళ్ళకి లోపం లేదు. అటు చూడాలన్న ఆలోచనే లేదు. పోయిందని తెలిస్తే వెతుక్కునేవారేమో, పోయినట్టే తెలియదు. మిగిలిన సగాన్నే సంపూర్ణ విశ్వంగా స్వీకరించి ఆయన హాయిగా ఉన్నారు. హాయి లేనిది ఇంట్లో వాళ్ళకే.

భోజనానికి కూర్చుంటే కంచంలో కుడి సగం తిని కేకలేసేవారు. "ఇంట్లో తిండికి కరువొచ్చిందా? రోగిష్టివాడికి పెట్టేది ఇంతేనా?" భార్య కంచం తిప్పేది. మిగతా సగం కుడివైపుకి వచ్చేది. "ఇదేదో ముందే పెట్టొచ్చుగా!" అనేవారు.

ఒకనాడు బావమరిది పక్కన కూర్చుని ఉండగా విసుక్కున్నారు. "ఒరేయ్, నా ఒళ్ళోంచి నీ చెయ్యి తియ్యరా. బరువుగా ఉంది."

"బావా, అది నీ చెయ్యే."

"నా చెయ్యి నాకు తెలీదా? నాది ఇంత లావుండదు."

"నా రెండు చేతులూ ఇవిగో చూడు బావా!"

కత్తెరయ్య గారు రెండు చేతులూ పరీక్షగా చూసి, ఒప్పుకుని, కాసేపు ఆలోచించారు. "అయితే ఎవరో మర్చిపోయి వెళ్ళుంటారు. అడిగితే ఇచ్చెయ్."

ఈ పరిస్థితిలో కూడా ఆయన పట్టు ఒక్కటే. సెలూన్‌కి వెళ్ళాలి, తన కుర్చీ దగ్గర నిలబడాలి. బావమరిది మంచివాడు. నమ్మి తన తలే ఇచ్చాడు. కుడివైపు చక్కగా కత్తిరించి, దువ్వి, పౌడరద్ది, దుప్పటి దులిపి "లే" అన్నారు బావగారు. ఎడమవైపు అడవి అడవిలాగే ఉంది. ఆ సాయంత్రం బావమరిది నెత్తిన టోపీ పెట్టుకుని అక్క దగ్గరికి వచ్చాడు.

"అక్కా, కిటికీ పక్క కుర్చీకి మనిషిని పెట్టుకోక తప్పదు. బావ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాడు. గౌరవంగా ఉంటుంది."

గల్లాపెట్టె మాట వినగానే కత్తెరయ్య గారి మొహం వాడిపోయింది. కత్తెర పట్టిన చేత్తో చిల్లర లెక్కపెట్టమంటే, గుర్రపు స్వారీ చేసేవాణ్ణి గుర్రానికి గడ్డి వెయ్యమన్నట్టే. "ఒక్క అవకాశం ఇవ్వరా," అన్నారు మెల్లిగా. ఆయన అంత మెల్లిగా మాట్లాడటం ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

బావమరిది టోపీ సర్దుకున్నాడు. "ఎవరో ఒకరికి, రెండు పక్కలా సమానంగా పని చేసి చూపించు బావా. కుర్చీ నీదే. కానీ ఈసారి తల నాది కాదు."

అలా ఆయన ఫిజియోథెరపీ కేంద్రంలో అడుగుపెట్టారు, కుడి అడుగు. రెండోది భార్య పెట్టించింది. అక్కడ గోడ పొడుగునా పెద్ద అద్దం, పట్టుకుని నడవడానికి రెండు ఇనప కడ్డీలు, ఎక్కి దిగడానికి తప్ప ఎక్కడికీ చేర్చని చెక్క మెట్లు ఉన్నాయి. అంత అద్దాన్ని చూడగానే కత్తెరయ్య గారికి ప్రాణం లేచొచ్చింది. కడ్డీల మధ్య నడుస్తున్న ఒక పెద్దాయన్ని ఆపి, "చెవి మీద జుట్టు చూశారా, ఎవరండీ చేసింది?" అని మొదలుపెట్టారు.

ఫిజియోథెరపిస్టుని అందరూ డాక్టరమ్మ అంటారు గానీ, చిన్నపిల్ల. మనిషి పిడికెడు, గొంతు మాత్రం స్టేషన్లో రైలు ప్రకటన. ఆమె ఆయన చేతికి కాగితం ఇచ్చి గడియారం గీయమంది. ఆయన గుండ్రంగా గీసి, పన్నెండు అంకెలనీ కుడి పక్కనే, పండగ రద్దీలో బస్సులో జనాన్ని కుక్కినట్టు కుక్కి, గర్వంగా అందించారు.

"ఇటు పక్క ఖాళీగా ఉందేంటి బాబాయ్?"

"ఎటు పక్క?"

"అదీ సంగతి," అందా పిల్ల. ఆ మాట దుఃఖంతో అనాలి. ఆమె మాత్రం మంచి లెక్క దొరికిన విద్యార్థినిలా చేతులు రుద్దుకుంది.

ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త రాజ్యాంగం అమలైంది. కంచానికి, బల్లకి, అద్దానికి, ప్రతి గుమ్మానికి ఎడమ అంచున ఎర్ర పట్టీ అంటించారు. ఏ పనైనా తల తిప్పి ఎర్ర పట్టీ చూశాకే మొదలుపెట్టాలి. కంచం తిప్పకూడదు, తలే తిప్పాలి. ఆయనకి ఇష్టమైనవన్నీ ఎడమకి చేర్చాలి. రేడియో వెళ్ళింది, కళ్ళజోడు వెళ్ళింది, కాఫీ గ్లాసు వెళ్ళింది. చివరికి భార్య కూడా కుర్చీతో సహా ఎడమకి బదిలీ అయింది.

రెండు రోజులు చూసి కత్తెరయ్య గారు బావమరిదిని అడిగారు. "ఏరా, మీ అక్క ఊర్నించి ఎప్పుడొస్తుంది?"

"ఎక్కడికీ వెళ్ళలేదు, ఇక్కడే చచ్చాను," అందావిడ ఎడమ నుంచి.

"అబ్బ! ఫోన్లో ఎంత బాగా వినబడుతోందిరా!"

ఈ సంస్కరణల వల్ల లాభపడినవాడు బావమరిది ఒక్కడే. బావ ఎడమవైపు నిలబడితే తనకి ఏ పనీ చెప్పడని కనిపెట్టాడు. మందులు తెమ్మనే వేళకి, కాళ్ళు పట్టమనే వేళకి ఎడమకి జరిగి హాయిగా పేపరు చదువుకునేవాడు.

కేంద్రంలో మాత్రం హాయి లేదు. "బాబాయ్, ఎడమ కాలి మీద బరువు వెయ్యండి," అని అరిచేది డాక్టరమ్మ.

"అది నమ్మదగ్గ కాలు కాదమ్మా. మొన్న ఒకసారి మోసం చేసింది."

"నేను పట్టుకున్నాగా, వెయ్యండి. మోకాలు వంగకూడదు. ఊఁ! నిలబడ్డారు కదా? ఇప్పుడు అటు తిరిగి ఆ దువ్వెన అందుకోండి. ఆ చేత్తో కాదు, బద్ధకిష్టి చేత్తో!"

బద్ధకిష్టి చెయ్యి మొదట వేళ్ళు విప్పనే లేదు. తరవాత బట్టల క్లిప్పుల్ని పట్టుకుంది. తరవాత దువ్వెన. సాధన కోసం ఒక తుడుపుకర్రని తలకిందులుగా కుర్చీకి కట్టి, మొండి కత్తెర ఇచ్చింది డాక్టరమ్మ. ఆయన శ్రద్ధగా పని చేసి, దుప్పటి దులిపి, "లేవండి సార్" అన్నారు తుడుపుకర్రతో. మర్నాడు కేంద్రం తుడిచే ఆయమ్మ కేకలు వీధిలోకి వినిపించాయి. "నా తుడుపుకర్రకి సగం గుండు కొట్టిన పుణ్యాత్ముడెవరయ్యా?"

కొన్నాళ్ళకి తుడుపుకర్రకి ముప్పాతిక గుండు అయింది. ఇంకొన్నాళ్ళకి పూర్తి గుండు. ఆయమ్మ శాంతించలేదు గానీ డాక్టరమ్మ ఆమెకి కొత్త తుడుపుకర్ర కొనిచ్చి, "బాబాయ్, ఇక మనిషిని చూసుకోండి," అంది.

మనిషి సిద్ధంగానే ఉన్నారు. మీసాల మేష్టారు ఒకప్పుడు బళ్ళో రేఖాగణితం చెప్పేవారు. ఆయన మీసం మా వీధికి వచ్చే కొత్తవాళ్ళకి గుర్తు. దారి అడిగితే ఆయన్ని చూపించి, అక్కణ్ణుంచి కుడికో ఎడమకో తిరగమనేవాళ్ళం. కత్తెరయ్య గారు మంచం పట్టిన నాటి నుంచి ఆ మీసాన్ని ఆయన ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అది దిక్కులేకుండా పెరిగి, మేష్టారు టీ తాగాలంటే ముందు దాని అనుమతి తీసుకోవలసిన స్థితికి వచ్చింది.

"సమానంగా ఉండాలి. అంతే నా షరతు," అన్నారు మేష్టారు కుర్చీలో కూర్చుంటూ. లెక్కల మనిషి కదా, ఎంత ఉండాలో కూడా చెప్పి ఉంటే బాగుండేది.

సెలూన్ నిండిపోయింది. ఎదురు గోడకి ఉన్న బెంచీ మీద మీసాలున్న వాళ్ళంతా తలుపు నుంచి కిటికీ దాకా బారులు తీరి కూర్చున్నారు. కత్తెరయ్య గారు అద్దానికి వీపు పెట్టి, మేష్టారికి ఎదురుగా నిలబడ్డారు. ఆయనకి ఎడమన కిటికీ, కిటికీ చట్రానికి ఎర్ర పట్టీ, పట్టీ పక్కన భార్య. ఆయన నెమ్మదిగా కుర్చీ పిడి మీద చెయ్యి వేసి, ఎవరూ చూడనట్టు, మేష్టార్ని కొంచెం కుడికి తిప్పబోయారు.

"బాబాయ్!" స్టేషన్ గొంతు మోగింది. "కుర్చీ తిప్పుతున్నారా? కంచం అయినా కుర్చీ అయినా రూలు ఒక్కటే!" డాక్టరమ్మ వచ్చి కుర్చీ మర బిగించేసింది. "ఎవరూ అందించొద్దు, ఎవరూ చెప్పొద్దు. తిరిగితే ఆయనే తిరగాలి."

కత్తెర ఆడింది. తలుపు వైపు మీసం చూస్తూండగానే ఒద్దికగా, కొస దేరి, పాత వైభవానికి వచ్చేసింది. ఎంత కాలానికో ఆ టకటక వినిపించి బెంచీ మీద ఎవరో "ఆహా" అన్నారు. కత్తెరయ్య గారు వెంట్రుకలు ఊదేసి, తువ్వాలు అందుకుని, "అయింది మేష్టారూ," అన్నారు.

కిటికీ వైపు మీసం గుబురుగా, అనాథలా వేలాడుతోంది. భార్య నోటికి పైట చెంగు అడ్డం పెట్టుకుంది. బావమరిది గల్లాపెట్టె వైపు చూశాడు. మేష్టారు పరీక్ష హాల్లో పర్యవేక్షకుడిలా ముఖంలో ఏ భావమూ లేకుండా కూర్చున్నారు.

పని అయ్యాక మీసం రెండు కొసల్నీ రెండు చేతుల వేళ్ళతో పట్టి చూడటం కత్తెరయ్య గారికి పూర్వం నుంచీ ఉన్న అలవాటు. ఇప్పుడూ పట్టారు. కుడి చేతికి సన్నని కొస దొరికింది. బద్ధకిష్టి చెయ్యి కాస్త ఆలస్యంగా, వణుకుతూ వెళ్ళి, ఒక పొదలో ఇరుక్కుంది. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. తల కదిలింది. ముక్కు దాటింది, పొద దాటింది, ఎర్ర పట్టీ దాకా వెళ్ళి వెనక్కి వచ్చి పొద మీద ఆగింది.

"ఈ పక్క ఎవర్రా చేసింది?" అని బావమరిది మీద గర్జించారు. "ఒరేయ్, నేను లేని ఈ నాలుగు నెలల్లో ఇదేనా నువ్వు నేర్చుకున్నది? సిగ్గులేదూ!"

డాక్టరమ్మ ఎగిరి గంతేసింది. ఆ గంతుకి సీసాలు గణగణలాడాయి.

కత్తెరయ్య గారు నమ్మదగని కాలి మీద బరువు వేసి, కిటికీ వైపు తనే జరిగారు. బద్ధకిష్టి చేత్తో దువ్వెన పట్టారు. పొద పోయింది. వెనక్కి వచ్చి చూశారు. "ఎడమ పక్క కొంచెం ఎక్కువుంది," అన్నారు.

"ఎడమ పక్క అన్నారు! ఎడమ పక్క ఎక్కువుందన్నారు!" డాక్టరమ్మకి కళ్ళనీళ్ళు ఒక్కటే తక్కువ.

ఎడమ కత్తిరించారు. ఇప్పుడు కుడి ఎక్కువైంది. కుడి కత్తిరించారు. మళ్ళీ తల తిప్పి, పట్టీ చూసి, "ఎడమే ఎక్కువుంది." డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. టకటక. అటు వెళ్ళారు, ఇటు వచ్చారు. ఆయన నడక బాగుపడుతున్న కొద్దీ మేష్టారి మీసం చిక్కిపోతోంది. పెదవి కనిపించింది. బెంచీ మీద వాళ్ళు ఎవరి మీసం వాళ్ళు తడుముకున్నారు.

"బావా, చాలు! కుర్చీ నీదే, ఒప్పుకున్నా! ఆపు బావా!"

"నువ్వు ఊరుకోరా. పని సగంలో ఆపే అలవాటు నాకు లేదు!"

భార్య నవ్వు ఆపుకోలేక కిటికీ చట్రం పట్టుకుంది.

చివరికి కత్తెర ఆగింది. మీసం స్థానంలో రెండు చిన్న గీతలు, ఎక్కడ కొలిచినా ఒకటే. మేష్టారు అద్దం వైపు వంగి, ఎన్నో ఏళ్ళుగా చూడని తన పై పెదవిని వింతగా చూసుకున్నారు. కుడి నుంచి ఎడమకీ, ఎడమ నుంచి కుడికీ పరిశీలించారు. బళ్ళో సిద్ధాంతం ముగించేటప్పటి గొంతుతో ప్రకటించారు.

"సమానమని నిరూపించబడినది."

వెంటనే టీ తెప్పించుకుని, ఎవరి అనుమతీ లేకుండా గటగటా తాగేశారు.

కత్తెరయ్య గారు తన కుర్చీ వీపు మీద రెండు చేతులూ వేసి నిలబడ్డారు. దుప్పటి దులిపి, పాత రోజుల్లోలాగా కేకేశారు. "తరవాత ఎవరు?"

బెంచీ మీద వాళ్ళందరూ ఒక్కసారిగా చేతులతో మీసాలు కప్పుకున్నారు. బావమరిదికి కూడా ఒక ముచ్చటైన మీసం ఉంది. వాడు అప్పటికే చడీచప్పుడు లేకుండా వెళ్ళి, అలవాటైన ధీమాతో, బెంచీకి కిటికీ వైపు చిట్టచివర కూర్చుని పేపరు విప్పాడు.

కత్తెరయ్య గారి తల తలుపు దగ్గర మొదలై తిరగసాగింది. ఒక్కొక్క మొహం దాటుకుంటూ, తాపీగా, ఎర్ర పట్టీ దాకా వెళ్ళింది. అక్కడ ఆగింది.

"ఆ చివర కూర్చుంటే కనబడవనుకున్నావురా? రా, కూర్చో."