ఫోను తీసిన చీటీ

"ఈపాలి సీటీలు నువ్వు తియ్యే."

"నువ్వుండగా నానెందుకు తీత్తాను?"

ఆసుపత్రి మంచం మీద మా ఆయన అన్నదీ, నేను అన్నదీ ఇంతే. తెల్లారేసరికి ఆయన లేడు. ఆ తరువాత నేను చీటీలు తీసిన వైభోగం చెబుతాను, వినండి. ఈ హిందీవాళ్ల ఊళ్లో, ఖుర్సీపార్‌లో, మా వీధి వీధంతా నవ్వింది. నాకే ఇంకా నవ్వు పూర్తిగా రావడం లేదు.

మా వీధిలో పది తెలుగిళ్లు. ఏటా అమ్మవారి పండక్కి ఇంటికో ఘటం లేస్తుంది. ముందు నడిచే ఘటం ఎవరిదో చీటీ వేసి తేలుస్తారు. ఆ చీటీ తీసే చెయ్యి ఎప్పుడూ మా ఆయనదే. పసుపు కుంకుమల దగ్గరకు నన్నిక ఎలాగూ పిలవరు. పండగలో నాకంటూ మిగిలింది ఆ ఒక్క పనే.

అదీ దక్కేలా లేదు. ఎదురింటి అప్పలమ్మ మొహం మీదే అనేసింది: "ఏటనుకోకు వదినా, మంచి పనికి నీ సెయ్యెందుకులే."

చెయ్యే అడ్డమైతే చెయ్యి లేకుండానే తీస్తాననుకున్నాను. చూశారా నా తెలివి! నా మేనకోడలు స్వాతి కంప్యూటర్ చదువుతోంది. ఇప్పుడు నేను చెబుతుంటే ఇది రాస్తున్నదీ అదే.

"అత్తా, కళ్లు మూసుకుని చీటీ తీసినట్టు ఏదో ఒక అంకె విసిరే లెక్క కంప్యూటర్‌లో ఒకటి ఉంటుంది. ఫోన్‌లో ఏఐ ఉంది కదా, దాన్నే ఆ లెక్కలా నటించమందాం."

"నటిత్తాదా?"

"అరే, ఏం చెప్పినా చేస్తుంది. టెన్షన్ మత్ లో."

ఇళ్లకు ఒకటి నుంచి పది దాకా అంకెలు ఇచ్చాం. అందరి ముందూ ఫోనుని హారతి పళ్లెంలా ఎత్తి పట్టుకున్నాను.

"ఏడు" అంది ఫోను.

ఏడు మా మరిది ఇల్లు.

"మళ్లీ తియ్యి" అంది అప్పలమ్మ.

"ఏడు."

"ఇంకోపాలి!"

"ఏడు."

"ఏటి వదినా, ఈ ఫోను మీ మరిదింట్లో అన్నం తిని పెరిగిందేటి?"

వీధి ఘొల్లుమంది. నేను "ఓలమ్మా, ఇంకో అంకె సెప్పవే" అని ఫోనుని బతిమాలాను. మహాతల్లి వెంటనే "మూడు" అంది. ఉన్న కాస్త పరువూ దాంతో పోయింది.

"సూశారర్రా! ఈవిడ సెప్పినట్టల్లా ఇంటోంది!" అంది అప్పలమ్మ.

స్వాతి నా చెవిలో ఊదింది: "ఏదో ఒక అంకె చెప్పమంటే మనుషులు ఎక్కువగా ఏడే అంటారత్తా. ఇది మనుషుల మాటలు చదివి నేర్చుకుంది మరి." ఆ ఊదేదేదో ముందే ఊదవచ్చు కదా! దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నా వరం పూజారి దాకా పోనేలేదు, ఫోనే మింగేసింది.

అప్పటికప్పుడు చీటీలు రాసి ఇత్తడి చెంబులో వేశారు. అప్పలమ్మ తీసింది. విప్పితే ఏముంది? మా మరిది ఇల్లే! ఈసారి ఎవరికీ అనుమానం రాలేదు. "అమ్మోరి దయ" అని చెంపలేసుకున్నారు. ఇక మీదట ఏటా అప్పలమ్మే తీయాలని కూడా అక్కడే తేల్చేశారు.

కాబట్టి, చదువుతున్న మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: గుడ్డివేషం వేసేదాన్ని నమ్మి ఈ జన్మలో మళ్లీ చీటీ తీయను. తీయమని పిలిచేవాళ్లు లేరనుకోండి, అది వేరే మాట.

రాసినావా స్వాతీ? ఏదీ, ఓపాలి సదివి ఇనిపించు.