అద్దాలింట్లో సగం

మా బడి ఆవరణలో ఒక అద్దాలిల్లు ఉండేది. టేకు చట్రం కట్టి, గోడలకూ కప్పుకూ అద్దాలు బిగించిన ఇల్లు. మనుషులకు కాదు, మొక్కలకు. చలిదేశం నుంచి వచ్చిన మిషను దొరసానిగారు తన ఊళ్లో ఉన్నట్టే ఇక్కడా కట్టించుకుంది. సత్తెనపల్లి ఎండలో అద్దాల కింద మొక్క బతుకుతుందా? మొదటి వేసవికే ఆకులన్నీ ఉడికిన కూరలా వేలబడ్డాయి. ఆవిడ తెలివితక్కువది కాదు. మన ఎండ ఎరగదు, అంతే.

పంతొమ్మిది వందల యాభైలలో నేను అక్కడ తోటపనికి చేరాను. ఇంటికి సగం మేర తాటాకు కప్పించి, పూలకుండీలన్నీ ఆ నీడలోకి చేర్చి, పూటకు రెండుసార్లు నేలంతా తడిపేదాన్ని. మొక్కలు తేరుకున్నాయి. రెండో సగం మాత్రం పొయ్యిలాగే ఉండేది. దొరసానిగారు దాని మీద ఆశ వదిలేసింది. నేను వదల్లేదు.

మిరపకోతలు అయిపోయాక చేలో మిగిలిన పరిగ కాయలు మా పేట ఆడవాళ్లం ఏరుకునేవాళ్లం. రైతులు కాదనేవాళ్లు కాదు. కానీ మాకు కళ్లాలెక్కడివి? వాకిట్లో ఆరబోస్తే మంచుకు తడిసి, తెల్లబారి, తాలైపోయేవి. ఒక ఏడు నా కాయలు తెచ్చి ఆ వేడి సగంలో పరిచాను. నాలుగు రోజుల్లో గలగలలాడాయి, రంగు చెడలేదు. అంతే, పేటంతా గంపలతో దిగింది. దొరసానిగారు తలుపు తీసి వరసగా తుమ్మింది. కళ్లు తుడుచుకుని, "ఇవీ మొక్కవేగా, ఉండనీ" అంది. ఆ మాటకు ఆవిణ్ణి ఇప్పటికీ తలుచుకుంటాను.

ముప్పై ఏళ్లు దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నదీ ఆ ఇంట్లోనే. చిన్న తరగతి పంతులమ్మ మధ్యాహ్నం తీరికలో వచ్చి, తాటాకు సగానికి ఉన్న తలుపు చెక్క మీద తడి వేలితో ఒక అక్షరం రాసేది. అది ఆరేలోగా నేను పక్కన దింపాలి. ఎండాకాలం మరీ కష్టం. కొమ్ము పెట్టేలోపు తలకట్టు ఆరిపోయేది.

దొరసానిగారు వాళ్ల దేశం వెళ్లిపోయింది. అరవైలలో ఒక గాలివానకు తాటాకు సగం ఒక పక్కకు ఒరిగింది. బడి మేనేజరుగా ఉన్న చర్చి అయ్యగారు నన్ను పిలిచారు.

"ఏమ్మా, పడగొట్టిద్దామా? పిల్లలు నేల మీద కూర్చుంటున్నారు. ఆ టేకుతో బెంచీలు వస్తాయి."

"పడగొట్టే మాటైతే నన్ను అడగడం దేనికండీ? బాగు చేయించండి."

"వడ్రంగిని పంపిస్తాను. నువ్వూ అతనూ చూసి చెప్పండి. మీరేమంటే అదే."

వడ్రంగి ఊళ్లోని సాయిబే. నన్ను చెల్లెమ్మా అనేవాడు. వచ్చి, తాటాకు సగంలో ఒక స్తంభం మొదట్లో ఉలి పెట్టాడు. పెరుగులోకి దిగినట్టు దిగిపోయింది.

"ఏం చెల్లెమ్మా, ఇక్కడేమన్నా చెరువు తవ్వావా?"

"రోజూ నీళ్లు పోశానన్నా."

"మొక్కకు పోశావా, స్తంభానికి పోశావా?"

"నేలకు పోస్తే స్తంభం తాగదా?"

"తాగింది. తాగి తాగి చచ్చింది."

మిరపకాయల సగంలో స్తంభాన్ని సుత్తితో కొట్టాడు. ఠంగుమంది. "దీన్ని భలే సాకావే!" అన్నాడు.

"నేనేం సాకలేదు. ఇటువైపు చుక్క నీళ్లు పోయలేదు."

నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "నీకంత ప్రేమ అయితే చెప్పు. అటు సగానికి ఊతకర్రలు పెట్టి తారు పూస్తా. రెండు వానాకాలాలు ఆగుద్ది. బాగైపోయిందని అయ్యగారితో చెబుతా."

ఒప్పుకోవాలనే అనిపించింది. అబద్ధమెందుకు, నోటిదాకా వచ్చింది. కానీ వాన పడితే చిన్న తరగతి పిల్లలంతా పరిగెత్తుకొచ్చేది ఆ కప్పు కిందికే.

"మూడో వానాకాలం?" అన్నాను.

"అది దేవుడికే తెలియాలి."

"దేవుడికి తెలిసేదాకా పిల్లలు దాని కింద కూర్చోవాలా?"

సాయిబు ఉలి సంచిలో వేసుకున్నాడు.

నేనే వెళ్లి అయ్యగారితో చెప్పాను. "నీళ్లు పోసి సగం నేనే కుళ్లబెట్టానండీ. దాన్ని తీయించేయండి. రెండో సగం మాత్రం ముట్టుకోవద్దు. పేట ఆడవాళ్ల కాయలు ఆరేది అక్కడే."

"ఆ ఘాటు పక్కన చర్చిలోకి కొట్టే కదా ఆదివారం ప్రార్థనలో సగం మంది దగ్గేది! దాన్నే ఉంచమంటావా?"

"ఆ దగ్గేవాళ్లు కూడా ఆ కాయలవాళ్లేనండీ."

ఆయన నవ్వాపుకోలేకపోయారు. సరే అన్నారు.

కుళ్లింది స్తంభాల మొదళ్లే. పై కర్ర బాగానే ఉంది. సాయిబు ఆ సగం ఊడదీసి, కోతమిల్లులోలా చెక్కపొట్టు పోస్తూ బెంచీలకు చెక్కలు తీశాడు. చివరికి తలుపు చెక్క తీసి చిత్రిక పట్టబోయాడు.

"అన్నా, అది వద్దు."

"ఏం? దీని మీద ఏమీ లేదుగా?"

"లేదు."

నన్నొకసారి చూసి చిత్రిక పక్కన పెట్టాడు. మిగిలిన సగానికి కోసిన వైపు బోసిగా ఉంది. ఆ చెక్కను అలాగే తీసుకెళ్లి అక్కడ తలుపుగా బిగించాడు.

అయ్యగారు వచ్చి చూసుకుంటే అనుకున్నదానికి ఒక బెంచీ తగ్గింది. ఎందుకు తగ్గిందని అడిగారు.

"తలుపు లేకపోతే కోళ్లు దూరి కాయలన్నీ కెలికేస్తాయండీ" అన్నాను.

అదీ నిజమే.