హెడ్‌ఫోన్‌లో గురగుర

ఈ సంగతి విన్నాక మీ ఇంట్లో బల్బు మార్చడానికి కూడా నన్ను పిలవరు. అయినా చెప్తాను.

రియాద్‌లో, సులై గోదాముల పక్కన మా క్యాంపు. అక్కడ కరెంటు పనికి నేనే దిక్కు, కనీసం నేనలా అనుకునేవాణ్ణి. నేనిక్కడ ఉండగానే జగిత్యాలలో నాకు కూతురు పుట్టింది. మూడు నెలలైనా ఫోన్లో ఏడుపు తప్ప ఇంకేం వినలేదు. "ఇప్పుడు ఊ కొడుతున్నది, శుక్రారం ఇనిపిస్త" అంది నా భార్య లావణ్య. ఆ ఊ బాగా వినాలని పాత లాప్‌టాప్, కొత్త హెడ్‌ఫోన్ కొన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం కాల్ కలిసింది. నెట్ అందక బొమ్మ రాలేదు. లావణ్య ఏదో చెబుతుంటే నేను వైరు సర్దుకుంటూ "ఆ, ఆ" అన్నాను. ఆమె మాట ఆగింది. చెవుల్లో మొదలైంది, గుర్ర్... గుర్ర్...

ఎర్తింగ్ లేదని తేల్చేశాను. ఎర్తింగ్ లేకపోతే వచ్చే మోత ఆగకుండా వస్తుంది, ఇది ఆగి ఆగి వస్తోంది. నిన్నగాక మొన్న పనిలో చేరినవాడికైనా ఆ తేడా తెలుస్తుంది. నాకు తట్టలేదండీ!

చార్జర్ పీకాను. గుర్ర్. పిన్ను బనియన్‌కు తుడిచాను. గుర్ర్. రైస్ కుక్కర్ ప్లగ్ పీకాను. చివరికి ఏసీ కట్టేశాను. పక్క మంచం మీది గంగరాజం అన్న చెమటలు కక్కుతూ లేచాడు.

"ఏమైందిరా తమ్మీ, కరెంటు పోయిందా?"

"నేనే తీసిన అన్నా. హెడ్‌ఫోన్ల గురగుర ఒస్తున్నది."

"మరి అన్నం?"

"కుక్కర్ గూడ తీసిన."

"ఓరి నీ పాడుగాను! ఏదన్న పాట పెట్టి సూడరాదు?"

"కాల్ కట్ అయితది. నువ్వాగు, ఈ గురగురను పీకి పారేస్త!" అంటూ స్క్రూడ్రైవర్ అందుకున్నాను.

అన్న హెడ్‌ఫోన్ లాక్కుని చెవులకు పెట్టుకున్నాడు. ముగ్గురు పిల్లల తండ్రి ఆయన. వింటూ వింటూ కళ్లు తుడుచుకున్నాడు. చెమట అన్నాడు గానీ నేను నమ్మను.

"పిచ్చోడా, ఇది కరెంటు గాదు. పొల్ల గురక. సర్ది జేసినట్టున్నది పాపం."

హెడ్‌ఫోన్ లాక్కున్నాను. గుర్ర్... నా బిడ్డ ఊపిరి! ప్రాణం లేచొచ్చింది. ఒళ్లు మరిచిపోయి, సైటులో మూడో అంతస్తు వాణ్ణి పిలిచే గొంతుతో "బిడ్డా!" అని అరిచాను.

పాప కెవ్వుమంది. లావణ్య ఉరికొచ్చింది.

"పొల్ల పండుకున్నది, పక్కన ఫోన్ పెడుతున్న, లేస్తె ఊ కొడ్తది, అందాక సప్పుడు జెయ్యకు అని జెప్తి గద! ఆ ఆ అంటివి! అప్పటిసంది పీకుత, పారేస్త అని ఒకటే లొల్లి."

"తప్పయింది. జర ఊ కొట్టియ్యవా?"

"ఏం కొట్టియ్యాలె? అయ్య గొంతు ఇంటెనే ఏడుస్తున్నది!"

అందుకే చేతులు జోడించి ఒట్టేసి చెబుతున్నాను. ఈ జన్మలో గురకకు మరమ్మతు చేయను. పెళ్లాం మాట్లాడుతుంటే "ఆ, ఆ" అనను.