కవర్లు తీయని మొక్కలు

ఆ రోజు అధికారి అడిగినప్పుడు నేను తల దించుకుని నేలకేసి చూశాను. అబద్ధం చెప్పలేదు. నిజమూ చెప్పలేదు. మా ఊరి మొక్కలను మేకలే తిన్నాయని అందరూ నమ్మడానికి అది చాలింది.

శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ వైపు పోతుంటే మా ఊరి పక్కన కొంత అడవి భూమి ఉంది. అప్పట్లో ఒక చిన్న గుట్ట, రాళ్లు, తుమ్మ పొదలు తప్ప అందులో ఏమీ లేవు. చెట్లు పెంచి, జనం నడవడానికి బాట వేయాలని ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. మొక్కలు నాటే కూలీలకు నేను మేస్త్రీని. మొదటి ఏడాది మొక్కలు బతికితేనే మిగతా డబ్బు వస్తుందని మాకు ముందే చెప్పారు.

నర్సరీ మొక్క నల్ల ప్లాస్టిక్ కవరులో వస్తుంది. గుంతలో పెట్టేముందు కవరును కోసి తీసేయాలి. లేకపోతే వేళ్లు అందులోనే చుట్టుకుపోయి మొక్క చస్తుంది. తెలియక చేసిన పని కాదు. మర్నాడు పెద్ద అధికారులు చూడడానికి వస్తున్నారని, ఆలోపు నాటడం అయిపోవాలని, గుట్ట వైపు మొక్కలన్నీ కవర్లతోనే పూడ్చమని నేనే చెప్పాను. ఇయ్యాలటికి గిట్ల కానియ్యుండ్రి, రేపు తీద్దామన్నాను. ఆ రేపు రాలేదు.

ఎండాకాలం వచ్చేసరికి గుట్ట వైపు మొక్కలన్నీ ఎండిపోయాయి. ఒక గుంత తవ్వి చూశాను. కవరు చెక్కుచెదరలేదు. లోపల వేళ్లు జడ అల్లినట్టు పెనవేసుకుని ఉన్నాయి. గబగబా మన్ను కప్పేశాను.

అధికారి విచారణకు వచ్చినప్పుడు ఊళ్లో కొందరు మొక్కలను మేకలు తిన్నాయని చెప్పి, మేకలు కాసే అక్కను చూపించారు. మా వాడలోనే ఉంటుంది. భర్త పోయాక మేకల మీదే ఇల్లు నడుపుతోంది. రోజూ ఆ పొదల్లోనే మేపేది. ఆమె ఎండిన మొక్కనొకటి పట్టుకుని నెమ్మదిగానే చెప్పింది.

"మేక తింటే మోడు మిగులుతది సారూ. గిది ఆకులతోనే ఎండింది. కానుగ మొక్క ఇది, దీన్ని మేక ముట్టనే ముట్టదు."

అధికారి నా వైపు తిరిగి నువ్వేమంటావని అడిగాడు. అప్పుడే నేను నేలకేసి చూసింది.

మేకల వల్ల నష్టమని రాసుకున్నారు. డబ్బు ఆగలేదు సరికదా, కంచెకు కూడా వచ్చింది. రెండోసారి పాత గుంతల జోలికి పోకుండా పక్కన కొత్తవి తవ్వించి, ప్రతి కవరూ నా చేత్తో కోశాను. ఇప్పుడు అది పార్కు, మనిషిని మించిన చెట్లున్నాయి. పొద్దున్నే బుద్వేల్ నుంచి, మామిడిపల్లి నుంచి నడవడానికి వస్తారు. నెమళ్లు బాట మీదే తిరుగుతాయి. మంచి పని జరిగింది, దానికి సర్కారు పైసలే ఆధారం.

అక్క దారి మాత్రం మూసుకుపోయింది. కంచె చుట్టూ తిరిగి, లారీలు పోయే సర్వీసు రోడ్డు దాటించి మేకలను హిమాయత్ సాగర్ దిక్కు తోలుకుపోయేది. రెండు మేకలు ఆ రోడ్డు మీదే చచ్చాయి. కొన్నింటిని అమ్మేసింది. ఊళ్లో ఆమెకు 'అడవి మింగినక్క' అని పేరు పెట్టారు.

కంచె లోపల గడ్డి నడుం ఎత్తు పెరిగింది. పోయిన ఎండాకాలం రెండుసార్లు అంటుకుంది. ఈ ఏడు వచ్చే డబ్బు ఎలా ఖర్చు చేయాలో చెప్పమని కొత్త అధికారి పార్కులోనే ఊరివాళ్లను కూర్చోబెట్టాడు. గడ్డి ఎండే నెలల్లో తన మేకలను లోపలికి రానిస్తే గడ్డి తగ్గుతుందని, మంట పాకదని అక్క వెనక నిలబడి చెప్పింది.

"ఏందక్కా, మొదటిపాలి మింగింది సాల్లేదా?" అన్నాడొకడు. అందరూ నవ్వారు. కొంగు సర్దుకుంటూ ఆమె కూడా కొంచెం నవ్వింది. ఆ నవ్వు చూశాక నేను కూర్చోలేకపోయాను.

"ఆ మొక్కలను మేకలు తినలే. కవర్లతోనే పెట్టిచ్చిన, అందుకే సచ్చినయ్" అన్నాను.

ఎవరూ నమ్మినట్టు లేరు. గడ్డపార తెచ్చి గుట్ట దగ్గర పాత గుంత తవ్వాను. రెండో దెబ్బకే నల్ల కవరు బయటపడింది. అధికారి దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. చెట్లు మేకలకు అందనంత ఎదిగిన చోట ఈ ఎండాకాలం మేపి చూద్దామని, కంచెకు గేటు పెట్టడానికి కొంత డబ్బు రాస్తానని అన్నాడు. గేటు ఏ దిక్కున పెడితే మంచిదని ఆమెను అడిగింది ఇందాక ఎగతాళి చేసినవాడే.

చోటు చూపించడానికి ఆమె కంచె దగ్గరికి నడిచింది. నేను వెనకే వెళ్లాను.

"అక్కా, తప్పు నాది. నీ మీద వేస్తుంటే నోరు మూసుకున్న. నన్ను మాఫ్ చెయ్యి."

సరిగ్గా అప్పుడే ఒక విమానం దిగడానికి చెట్ల మీదుగా పోయింది. మోత తగ్గేదాకా ఆమె కంచె తీగ పట్టుకుని నిలబడింది.

"ఇమానం మోతల ఏం ఇనబడలే తమ్మీ" అంది, అందరూ నిలబడ్డ వైపు చూస్తూ. "మల్ల జెప్పు. జర గట్టిగ జెప్పు."

గట్టిగానే చెప్పాను.