కిటికీ గట్టు కింద గాడి

రంగులు వేసే పనిలో ఆయనకి ముప్పై నాలుగేళ్ళు. ఏ గోడ చూపించినా కాసేపు తల వాల్చి చూసి, "రెండు కోట్లు పడితే చాలు" అనేవాడు. అలా వీధిలో ఆయన పేరే రెండు కోట్లాయన అయిపోయింది. "సైకిల్ తొక్కే రెండు కోట్ల ఆసామిని నిన్నే చూశాను బామ్మర్దీ" అని అక్క మొగుడు ఏడిపించేవాడు.

పని శుభ్రంగా ఉండాలన్నది ఆయన పట్టుదల. గీతగానీ సొట్టగానీ కంటపడితే లప్పం పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, కళ్ళు మూసుకుని అరచేత్తో తడిమి చూసేవాడు. అలాంటి మనిషికి ఒక్క గోడ లొంగలేదు. అదీ సొంత అక్క పడకగదిలో, కిటికీ కింద గోడ. ఏటా వానలు వెలిశాక వెళ్ళి రంగు వేసొచ్చేవాడు. మళ్ళీ వానలు మొదలయ్యేసరికి రెండు మూలలూ చెమ్మెక్కి, రంగు పొక్కులు లేచి, ముట్టుకుంటే పొడిపొడిగా రాలేది.

బస్సు డ్రైవరుగా రిటైరైన బావ ఎప్పుడో తీర్పు చెప్పేశాడు. "మీ అక్క తడిబట్టలన్నీ ఆ గదిలోనే ఆరేస్తుంది. చెమ్మెక్కక ఏం చేస్తుంది?" అక్క వాదించి వాదించి ఊరుకుంది.

ఆ ఏడు మాత్రం ఆయన డబ్బా మూత తియ్యబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"వద్దురా. మొహానికి పౌడరు రాసినట్టు ఇంకెన్నాళ్ళు రాస్తావు? అసలు నీళ్ళు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూడు."

ఆ మాట ఆయనకి చురుక్కుమంది. అయినా డబ్బా పక్కన పెట్టేసి, చెమ్మ మీద ప్లాస్టిక్ కాగితం ఒకటి పరిచి నాలుగంచులా టేపు అంటించాడు.

"గదిలో తేమ అయితే బొట్లు కాగితం పైన పడతాయి బావా. గోడలోంచి వస్తుంటే వెనకాల పడతాయి."

రెండు రోజుల తర్వాత ముగ్గురూ వంగి చూశారు. పైన పొడిగా ఉంది. వెనకాల చెమట పట్టినట్టు బొట్లు.

బావ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అయితే బట్టల వల్ల కాదన్నమాట."

అక్క వంటింట్లోకి వెళ్ళి గిన్నె కాస్త గట్టిగానే పెట్టింది.

తమ్ముడు బకెట్టూ చెంబూ పట్టుకుని బయటికి వెళ్ళాడు. మొదట కిటికీ చట్రం అంచుల మీద పోశాడు. నీళ్ళు జారిపోయాయి. తర్వాత కిటికీ కింద బయటికి పొడుచుకొచ్చిన గట్టు మీద పోసి, గొంతుక్కూచుని కింద నుంచి చూశాడు. అంచు దగ్గర కారి కింద పడాల్సిన నీళ్ళు పడలేదు. గట్టు అడుగు భాగాన్ని పట్టుకుని లోపలికి పాకి, గోడని చేరి, వెంట్రుకంత బీటలో ఇంకిపోయాయి. ఆ చోట సుత్తి పిడితో తట్టితే గోడకి పూసిన సిమెంటు గిలాబు డొల్లగా మోగింది.

ఆయన గట్టు అడుగున వేళ్ళు పెట్టి తడిమాడు. నున్నగా ఉంది.

లేచి పెరటి వైపు వెళ్ళాడు. అక్కడి కిటికీకి ఆయన ఎప్పుడూ రంగు వెయ్యలేదు. దాని గట్టు అడుగున, అంచుకి దగ్గరగా, ఈ చివర నుంచి ఆ చివరికి వేలు పట్టేంత గాడి ఉంది. నీళ్ళు పోస్తే గాడి దాకా వచ్చి, దాటలేక, టపటపా నేల మీద పడ్డాయి.

అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండేళ్ళ కిందట, మొదటిసారి ఈ గోడకి బయట కూడా రంగు వేసినప్పుడు, మేస్త్రీ వదిలేసిన సొట్ట అనుకుని పడకగది కిటికీ గాడిని లప్పంతో పూడ్చింది తనే. చాలా అందంగా పూడ్చాడు కూడా.

లోపలికొచ్చి బావ ఎదురుగా నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. వెక్కిరింత తప్పదనుకున్నాడు.

బావ "నువ్వు గాడి పూడ్చావు. నేను పన్నెండేళ్ళు మీ అక్కని అన్నాను. ఉలి తెచ్చావా?" అన్నాడు.

లప్పం చెక్కేసి గాడి మళ్ళీ తెరిచారు. డొల్ల గిలాబు రాలగొట్టి, గోడ ఆరాక కొత్తది పూశారు. లోపల రంగు మాత్రం రెండు నెలలు వెయ్యనివ్వలేదు ఆయన. బోసిగోడ చూసి అక్క విసుక్కోలేదు. గదిలో తీగ మీద బట్టలు ఆరేసే పని ఇప్పుడు బావది. ఎవరూ చెప్పలేదు, తనే మొదలుపెట్టాడు.

మరుసటి వానాకాలం గోడ పొడిగా ఉంది. కానీ ఆయన మనసు కుదుటపడలేదు. ఇన్నేళ్ళలో ఎన్ని ఇళ్ళ కిటికీల కింద అలా నున్నగా చేశాడో. గుర్తున్న ఇళ్ళన్నిటికీ ఉలి తీసుకుని బయల్దేరాడు. "మీ కిటికీ ఒకసారి చూడాలండీ, తప్పు నాదే" అనేవాడు. కొందరు నవ్వి లోపలికి పిలిచారు. ఒకావిడ నమ్మక తలుపు వేసేసుకుంది. ఆ ఇంటికి ఆయన మూడుసార్లు వెళ్ళాడు. మూడోసారి ఆవిడ తలుపు తీసి, "పడగ్గది కిటికీ వెనకవైపుంది, రండి" అంటూ దారి చూపించింది.