కొంగ నిలబడిన చోట

కొత్త సంవత్సరం మొదటి రోజు పొద్దున మా చర్చిలో ఒక పళ్ళెం తిరుగుతుంది. అందులో వాగ్దానపు కార్డులు బోర్లించి ఉంటాయి. కళ్ళు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దాని మీద ఏ బైబిలు వాక్యం ఉంటే ఏడాదంతా ఆ ఇంటికి అదే. తెచ్చి గోడకు అంటిస్తే మళ్ళీ జనవరి దాకా ఎవరూ కదిలించరు. బాన్సువాడ శివారులోని మా కాలనీలో ఏ ఇంటికి వెళ్ళినా టీవీ పైనో, అద్దం పక్కనో ఆ కార్డు కనబడుతుంది.

ఆ కార్డులు కొన్నేళ్ళుగా నేనే వేస్తున్నాను. పగలంతా ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చుని వచ్చి, సాయంత్రాలు వంటింట్లో చాప పరుచుకుంటాను. లావు కాగితాన్ని కార్డులుగా కోసి ముందు నీటిరంగు పూస్తాను. రంగు తడి మీద ఉన్నప్పుడే అమ్మ డబ్బాలోంచి కాస్త దొడ్డుప్పు తీసి చల్లుతాను. ఉప్పు రంగును పీల్చుకుంటుంది, ఆరాక దులిపేస్తే అక్కడ తెల్లటి చుక్కలు మిగులుతాయి. అంతా ఆరిన తర్వాతే మార్కర్ పట్టాలి. తొందరపడితే సిరా పాకి అక్షరాలు ఉబ్బిపోతాయి. నాది అసలే ముక్కు మీద కోపం, దేనికీ ఆగే మనిషిని కాను. ఆ కార్డుల దగ్గర మాత్రం ఆగుతాను.

ఏ రెండు కార్డులకూ ఒకటే బొమ్మ వేయను. మా అమ్మకు చదువు రాదు. అమ్మతో పాటు షేర్ ఆటోలో కోటగిరి దిక్కు నాట్లకు పోయే ఆడవాళ్ళలో చాలామందికి రాదు. వాళ్ళకు వాక్యం ఒక్కసారి చదివి వినిపిస్తే చాలు, తర్వాత బొమ్మను చూసి గుర్తు తెచ్చుకుంటారు. కాలువ గట్టున ఒంటికాలి మీద నిలబడ్డ కొంగ బొమ్మ వచ్చిన ఏడాది అమ్మ పొలంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మంచంలో పడుకుని, ఆ కొంగను చూస్తూ వాక్యం అప్పజెప్పుకునేది. అది ఒక్క కాలి మీద నిలబడంగా తనకేం ఫికర్ అని నవ్వేది. అందుకే ఏటా ఒక కార్డు మీద కొంగను తప్పకుండా వేస్తాను.

పోయిన క్రిస్మస్‌కు ముందు మా చర్చి సంఘపెద్ద మా ఇంటికి వచ్చాడు. నాన్న ఈడువాడు, నేను పెద్దనాయనా అనే పిలుస్తాను. కార్డులు తడికి పాడవుతున్నాయని, ఈసారి లామినేషన్ చేయిస్తానని అన్నాడు. నా పనిని ఇంత విలువగా చూసేవాళ్ళున్నారని మురిసిపోయి, కట్టంతా ఆయన చేతిలో పెట్టాను. టీ కూడా ఇచ్చాను. ఆ టీ ఎందుకు ఇచ్చానా అని ఇప్పటికీ మండుతుంది.

జనవరి మొదటి తేదీన పళ్ళెం మా వరుసకు వచ్చింది. అమ్మ కళ్ళు మూసుకుని ఒకటి తీసి నాకిచ్చింది, చదవమని. నున్నగా మెరుస్తున్న ప్రింటు కార్డు. ఆకాశం నాదే, నేను కొంగ కార్డుకు వేసినదే. ఉప్పు చుక్కలు నావే. అంచున వరి కంకులూ నావే. కొంగ లేదు. కొంగ నిలబడాల్సిన చోట, తెల్ల చొక్కా వేసుకుని, చేతులు జోడించి, మా వార్డు నుంచి కౌన్సిలర్‌గా నిలబడాలని తిరుగుతున్న నాయకుడు నవ్వుతున్నాడు. వాక్యం ఆయన మోచేతుల కింద చిన్న అక్షరాల్లో ఉంది. పక్కవాళ్ళ కార్డు లాక్కుని చూశాను. వాక్యం వేరు, మొహం అదే. అందరి చేతుల్లోనూ ఆయనే.

ప్రార్థన అయ్యేదాకా ఎలా కూర్చున్నానో నాకే తెలియదు. బయటకు రాగానే చెప్పుల దగ్గర సంఘపెద్దను పట్టుకున్నాను. ఆయన ఏమాత్రం తడబడలేదు. ఖర్చంతా నాయకుడే పెట్టుకున్నాడట, చర్చికి ప్రహరీ కట్టిస్తానని మాట కూడా ఇచ్చాడట. నా డిజైన్ ఇంతమందికి చేరినందుకు నేను సంతోషించాలట.

"వాక్యం మీద ఆయన మొహమేంది పెద్దనాయనా?" అన్నాను.

"కింద పెడితే ఆయనకు మంచిగుండదని పైన పెట్టినం బిడ్డా," అన్నాడు.

వాక్యానికి మంచిగుంటుందా లేదా అని ఆయనకు ఒక్క క్షణం కూడా తట్టలేదు. పైగా ఎంతో మర్యాదగా చెప్పాడు.

నేరుగా ఆ కార్డులు అచ్చేసిన ఫ్లెక్సీల షాపుకు వెళ్ళి నా కార్డులు అడిగాను. కంప్యూటర్ వెనక నుంచి ఒక కవర్ తీసిచ్చారు. అన్నీ ఉన్నాయి. కొంగ కార్డు మీద టీ గ్లాసు పెట్టిన మరక, గుండ్రంగా, సరిగ్గా కొంగ మెడ చుట్టూ ఉంది. షాపతనితో పోట్లాడి లాభం లేదని తెలిసి కూడా పోట్లాడాను.

ఇంటికొచ్చేసరికి అమ్మ నాయకుడి కార్డును అప్పుడే గోడకు అంటించేసింది. నేను రంగుల పెట్టె తెరిచాను. ఆయన మొహం మీద నీటిరంగు పూస్తే నిలవలేదు, తామరాకు మీది నీళ్ళలా జారిపోయింది. సరే అని నల్ల మార్కర్ తీశాను. ఒక బంతిపువ్వు వేస్తే ఆ మొహమంతా కప్పుకుపోతుంది. మూత తీసి చెయ్యెత్తానో లేదో అమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుంది.

"గీయకు బిడ్డా. ఇల్లిల్లు తిరుగుతుండంట. గోడకు ఉన్నదా లేదా చూస్తడంట. మనకు ఇంకా ఇల్లు రావాలె."

సర్కారు ఇచ్చే సొంత ఇంటికోసం అమ్మ పెట్టుకోని అర్జీ లేదు. కిరాయి గోడ మీద ఆయన మొహం ఉంటే, రేపు ఆయన గెలిస్తే, మాకు ఇల్లు వస్తుందని ఆమె ఆశ. నాట్లు వేసి వేసి గట్టిపడిన చెయ్యి, ఒక కాగితం ముక్కకు భయపడుతోంది. సంఘపెద్ద మీద వచ్చిన కోపం దీని ముందు ఎంత. మార్కర్ మూత పెట్టేశాను.

కాసేపటికి అమ్మ నా కవర్ ముందేసుకుని, కార్డులన్నీ బోర్లించి, కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. పచ్చటి నారుమడి వచ్చింది. వాక్యం చదివించుకుంది, రెండుసార్లు తను అనుకుంది. నాలుగు అన్నం మెతుకులు మెదిపి, బీరువా తెరిచి, తలుపుకు లోపలి వైపు అంటించింది.

"గోడకు ఆయన ఉంటడు. బీరువల నీది ఉంటది. పొద్దుగాల చీర తీసుకునేటప్పుడు నీదే చూస్త," అంది.

నన్ను ఊరడించాననుకుని అమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నాయకుడు నిజంగానే వచ్చాడు, గోడ చూశాడు, చేతులు జోడించాడు, అచ్చం కార్డు మీద ఉన్నట్టే. అమ్మ కుర్చీ వేసింది. నేను బీరువాకు ఆనుకుని నిలబడ్డాను. నాకు బీరువా వద్దు. నాకు గోడ కావాలి.